క్యూబెక్ వంశవృక్షం: ఒకే మనిషికి రెండు ఇంటిపేర్లు, ఇంట్లో అందరూ జోసెఫ్‌లే

బొబ్బిలి నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారమండి. మా కోడలిది కెనడాలోని క్యూబెక్. మనవరాలి కోసం రెండువైపులా వంశవృక్షం రాస్తున్నాను. వాళ్ళ వైపు 1790 ప్రాంతానికి వెళ్ళేసరికి చిక్కుపడింది. ఒకాయన పెళ్ళి రికార్డులో ఇంటిపేరు రువా, ఖననం రికార్డులో దెజార్దాన్. కొడుకులంతా జోసెఫ్, కూతుళ్ళంతా మరీ. రెండు కుటుంబాలు కలిసిపోయాయంటారా?

చీపురుపల్లి నుంచి జవాబు:
ఒకటే కుటుంబం కావచ్చండి. రువా డిట్ దెజార్దాన్ అంటే ఇంటిపేరు రువా, పిలిచే పేరు దెజార్దాన్. 1665లో ఫ్రెంచ్ సైన్యపు కరిన్యాన్-సాలియేర్ రెజిమెంటుతో వచ్చిన ఆంట్వాన్ రువాతో ఈ జంటపేరు మొదలైంది. సైన్యంలో చేరినవాడికి అలా మరో పేరు ఉండటం అప్పటి రివాజు. తర్వాతి తరాల్లో కొందరు రువా ఉంచుకున్నారు, కొందరు దెజార్దాన్. అన్నదమ్ములే చెరో పేరు వాడిన ఇళ్ళున్నాయి. అందుకని రెండు పేర్లతోనూ వెతకండి, చెట్టులో రెండూ రాయండి.

జోసెఫ్ సంగతికొస్తే, బాప్తిస్మంలో మగపిల్లాడికి ముందు జోసెఫ్, ఆడపిల్లకి మరీ పెట్టడం ఆ కాలానికి బాగా పాకిన ఆనవాయితీ. తర్వాత జ్ఞానపిత పేరో జ్ఞానమాత పేరో (బాప్తిస్మంలో బిడ్డ తరఫున నిలబడేవాళ్ళు) వస్తుంది. ఇంట్లో పిలిచేది సాధారణంగా చివరి పేరు. మన జిల్లాల్లో ఊరినిండా అప్పలనాయుళ్ళూ పైడిరాజులూ ఉన్నట్టే, మొదటి పేరు చూసి మనిషిని పోల్చుకోలేం. పైగా బిడ్డ పోతే అదే పేరు తర్వాతి బిడ్డకి పెట్టేవారు. ఖననం రికార్డు చూడకుండా ఏ బాప్తిస్మాన్నీ చెట్టుకి కలపొద్దు. ఎక్కువ చెట్లు తప్పేది ఇక్కడే.

బాప్తిస్మం నుంచి కాదు, పెళ్ళి నుంచి పెళ్ళికి వెనక్కి నడవండి. మొదటి పెళ్ళయితే వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ రాస్తారు. రెండో పెళ్ళయితే తరచుగా పోయిన భర్త పేరో భార్య పేరో మాత్రమే ఉంటుంది. అప్పుడు మొదటి పెళ్ళి పట్టుకోవాలి. ఆడవాళ్ళు చనిపోయేదాకా పుట్టింటిపేరుతోనే నమోదవుతారు కాబట్టి వెతకడం మనం అనుకున్నంత కష్టం కాదు.

టెక్కలి నుంచి జవాబు:
పెళ్ళి రికార్డులో "డిస్పాన్స్" అన్న మాట, అంటే చుట్టాల మధ్య పెళ్ళికి చర్చి ఇచ్చిన అనుమతి, కనిపిస్తే వదలకండి. మనకి మేనరికం కోరి చేసుకునే సంబంధం. అక్కడ చుట్టరికం నాలుగో డిగ్రీ లోపు ఉంటే చర్చి నుంచి ఆ అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. రెండో డిగ్రీ అంటే ఇద్దరికీ తాత ఒకరే, మూడోది ముత్తాత, నాలుగోది ముత్తాత తండ్రి. మీ చెట్టులో ఆ ఉమ్మడి పెద్ద తేలకపోతే మధ్యలో ఎవరో తప్పు మనిషి చేరి ఉండొచ్చు. "అఫినిటే" అని ఉంటే మాత్రం అది రక్తసంబంధం కాదు, పోయిన భర్త లేదా భార్య వైపు చుట్టరికం.

బొబ్బిలి:
చాలా ఉపకారం చేశారు. ఒక బాప్తిస్మం తేదీలో నెల దగ్గర 7 అంకె, పక్కన బి ఆర్ ఇ అక్షరాలు ఉన్నాయి. జూలై అని రాసుకున్నాను, సరేనా?

చీపురుపల్లి:
కాదండి, అది సెప్టెంబర్. ఫ్రెంచ్‌లో ఏడుని "సెత్" అంటారు, దానికి "బ్ర" కలిపి ఆ నెలని అలా కుదించి రాసేవారు. 8 ఉంటే అక్టోబర్, 9 నవంబర్, 10 గాని ఎక్స్ గాని ఉంటే డిసెంబర్. పేజీ చిరిగినా, సిరా పాకినా ఆగిపోవద్దు. 1679 నుంచి రెండు ప్రతులు రాసేవారు, ఒకటి చర్చికి, ఒకటి కోర్టుకి. రెండో ప్రతి కూడా అడగండి. పేజీల ఫొటోలు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఉచితం. మాంట్రియల్ విశ్వవిద్యాలయంవారి పీఆర్‌డీహెచ్ అనే పాత చర్చి రికార్డుల డేటాబేస్‌కి డబ్బు కట్టాలి, కానీ 1621 నుంచి 1849 దాకా కుటుంబాలవారీగా కూర్చి ఉంటుంది. పెళ్ళి రికార్డే లేకపోతే నోటరీ దగ్గరి పెళ్ళి ఒప్పందం వెతకండి. చర్చి పెళ్ళికి ముందే దాన్ని రాసుకునేవారు, సాక్షుల్లో బంధువుల పేర్లూ దొరుకుతాయి.