మూడంతస్తుల ఇల్లు, మూడు చిన్న అపార్ట్‌మెంట్లు: బేస్‌బోర్డు హీటింగ్‌కి అర అంగుళం పైపు చాలుతుందా?

జెర్సీ_ఓనర్:
న్యూజెర్సీలో మూడు కుటుంబాల ఇల్లు. అంతస్తుకొక అపార్ట్‌మెంట్, ఒక్కోటి దాదాపు 650 చదరపు అడుగులు. బేస్‌మెంట్‌లో ఒకే బాయిలర్ పెట్టి, మూడు జోన్లుగా (అపార్ట్‌మెంట్‌కొకటి, విడివిడిగా వేడి అయ్యేలా) హాట్ వాటర్ బేస్‌బోర్డు, అంటే గోడ అడుగున వేడినీళ్ల పైపుతో నడిచే హీటర్, వేయిస్తున్నాను. గది గదికీ హీట్ లాస్, అంటే చలికి బయటికి పోయే వేడి, లెక్క కట్టించాను: కింద గంటకు 16,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్), మధ్యలో 13,000, పైన 19,000. ఒక ప్లంబర్ అంతా అర అంగుళం పెక్స్ (వంగే ప్లాస్టిక్ పైపు) లాగేద్దామంటున్నాడు, ఇంకొకాయన అంతా అంగుళం కాపర్ వేయాల్సిందే అంటున్నాడు. ఎవరి మాట వినాలి? మూడో అంతస్తుకి నీళ్లు ఎక్కాలి కాబట్టి పెద్ద పంపు కావాలా?

పైపుపని:
ఇద్దరి మాటా వద్దండి. హీట్ లాస్ లెక్క చేతిలో ఉంది కాబట్టి పైపు సైజు అదే చెబుతుంది. వెళ్లిన నీళ్లు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడి తిరిగొస్తాయనుకుంటే, 1 జీపీఎం (నిమిషానికి ఒక గ్యాలన్ నీళ్లు) గంటకు 10,000 బీటీయూ మోస్తుంది. అంటే మీకు 1.6, 1.3, 1.9, మొత్తం 4.8 జీపీఎం. కాపర్‌లో అర అంగుళానికి 1.5, ముప్పావుకి 4, అంగుళానికి 8 జీపీఎం దాకా లెక్క వేసుకుంటాం. కాబట్టి మూడు జోన్ల నీళ్లూ కలిసి నడిచే బేస్‌మెంట్ మెయిన్ అంగుళం, అక్కడి నుంచి ఒక్కో అపార్ట్‌మెంట్‌కీ ముప్పావు. మధ్య అంతస్తు లెక్క ప్రకారం అర అంగుళంలో పడుతుంది కానీ, దానొక్కదానికి సైజు మార్చి మిగిలేదేమీ లేదు.

పెక్స్ దగ్గర జాగ్రత్త. అర అంగుళం కాపర్ లోపలి వ్యాసం 0.569 అంగుళాలు, పెక్స్‌ది 0.475 మాత్రమే. అంత తేడాకే రాపిడి రెండింతలు దాటిపోతుంది. పెక్సే కావాలంటే ముప్పావు తీసుకోండి, ఆక్సిజన్ బారియర్ (ఆక్సిజన్‌ని ఆపే పొర) ఉన్నదే అడగండి. బారియర్ లేకపోతే పైపు గోడలోంచి ఆక్సిజన్ నీళ్లలోకి చేరుతూనే ఉంటుంది, పంపు, బాయిలర్‌లోని ఇనుము తుప్పు పడుతుంది.

ఫిన్‌ట్యూబ్:
పైపు సైజు కుదిరినా, గదికెన్ని అడుగుల బేస్‌బోర్డు అన్న దగ్గరే ఎక్కువగా దెబ్బతింటారు. గదులన్నీ ఒకే లూపులో వరసగా ఉంటే చివరి గదికి చల్లారిన నీళ్లే అందుతాయి. మామూలు ముప్పావు ఎలిమెంట్ (బేస్‌బోర్డు లోపల అల్యూమినియం రెక్కలున్న పైపు) సగటున 180 డిగ్రీల నీళ్లతో అడుగుకి సుమారు 580 బీటీయూ ఇస్తే, 160కి వచ్చేసరికి 450 దరిదాపుల్లో ఉంటుంది.

కింది అంతస్తునే తీసుకోండి. మొదటి గది హాలు, 6,000 బీటీయూ అనుకుందాం. 180తో వచ్చిన నీళ్లు 172 దగ్గర బయటికెళ్తాయి, అక్కడ 11 అడుగులు చాలు. చివర్లో 4,000 బీటీయూ బెడ్‌రూమ్ ఉంటే దానికందేది 165. అక్కడ అడుగుకి 470 లెక్కన తొమ్మిదడుగులు పెట్టాలి. 580తో భాగిస్తే ఏడే వస్తుంది, ఆ గది చలికాలమంతా చల్లగానే ఉంటుంది. కొలిచేటప్పుడు అల్యూమినియం రెక్కలున్న మేరే లెక్క. గోడ పొడవునా కవర్ కనిపించినా లోపల ఉత్త పైపుంటే అది లెక్కలోకి రాదు. ఒక ముప్పావు లూపులో మొత్తం ఎలిమెంట్ 65 అడుగులు దాటనివ్వకండి.

బాయిలర్‌గది:
పంపు సంగతి. ఇది మూసి ఉన్న లూపు. పైకెక్కే నీళ్ల బరువుని కిందికి దిగే నీళ్లే లాగేస్తాయి, అందుకని ఎత్తు లెక్కలోకి రాదు, పంపు గెలవాల్సింది రాపిడినే. అన్నిటికన్నా పొడవైన లూపు రానుపోను 110 అడుగులనుకోండి. ఫిట్టింగులకి ఒకటిన్నర రెట్లు చేసి, అడుగు పైపుకి రాపిడి 0.04 అడుగులనుకుని గుణిస్తే 6.6 అడుగుల హెడ్, అంటే పంపు గెలవాల్సిన రాపిడి. టాకో 007 లాంటి చిన్న సర్క్యులేటర్ (నీళ్లు తిప్పే పంపు) ఒక్కటి, జోన్‌కో జోన్ వాల్వ్ (ఆ జోన్‌కి నీళ్లు వదిలి ఆపేది) చాలు.

ఎత్తు చూడాల్సింది ఫిల్ ప్రెషర్, అంటే సిస్టమ్‌లో నీళ్లు నింపే ఒత్తిడి, దగ్గర. బాయిలర్ నుంచి పై బేస్‌బోర్డుకి 30 అడుగులుంటే దాన్ని 2.31తో భాగించండి (2.31 అడుగుల నీళ్లకి 1 పీఎస్ఐ ఒత్తిడి), 13 పీఎస్ఐ. పైన ఇంకో 4, 5 ఉండాలి కాబట్టి 18 పెట్టండి. చాలాచోట్ల ఫిల్ వాల్వ్ వచ్చినట్టే 12 మీద వదిలేస్తారు. అప్పుడు పై అంతస్తులో గాలి నిలిచి నీళ్లు తిరగవు, అందరూ పంపుని తిడతారు. ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో (వేడికి ఉబ్బే నీళ్లకి చోటిచ్చేది) గాలి కూడా 18కే ఉండాలి, సిస్టమ్‌కి కలపకముందే గేజ్ పెట్టి చూడండి.

ప్రతి జోన్ రిటర్న్‌కీ (నీళ్లు బాయిలర్‌కి తిరిగొచ్చే పైపుకి) ఒక పర్జ్ వాల్వ్, అంటే గాలి బయటికి పంపే వాల్వ్, తప్పదు. ఇంత తక్కువ జీపీఎంకి నీళ్ల వేగం సెకనుకి రెండడుగులు కూడా ఉండదు, గాలి బుడగల్ని తోసుకెళ్లలేదు. అంతా అంగుళం వేస్తే ఇంకా నెమ్మదిస్తుంది.

జెర్సీ_ఓనర్:
చాలా థాంక్సండి. కండెన్సింగ్ బాయిలర్ పెడితే ఈ లెక్కలు మారతాయా?

ఫిన్‌ట్యూబ్:
పైపు సైజు మారదు, బేస్‌బోర్డు పొడవు మారుతుంది. తిరిగొచ్చే నీళ్లు 130 కంటే తగ్గితేనే ఆ బాయిలర్ కండెన్స్ అవుతుంది, అంటే పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడినీ వాడుకుంటుంది. సగటు 140లో ఎలిమెంట్ అడుగుకి 320 దాకానే ఇస్తుంది, కింది అంతస్తుకే 50 అడుగులు కావాలి. అంత గోడ ఖాళీ ఉందేమో టేపు పట్టి చూసుకోండి. కొనేముందు బాయిలర్ కనిష్ఠ ఫైరింగ్ (అతి తక్కువగా మండినప్పుడు గంటకిచ్చే బీటీయూ) ఎంతో కూడా అడగండి. అది 13,000 కంటే బాగా ఎక్కువైతే, మధ్య అంతస్తు ఒక్కటే వేడి అడిగినప్పుడల్లా బాయిలర్ వెలిగి ఆరుతూ ఉంటుంది.

పైపుపని:
ఇంకొకటి. 20 అడుగుల కాపర్ 70 నుంచి 180 డిగ్రీలకి వేడెక్కితే పావు అంగుళం సాగుతుంది. ఫ్లోర్‌లో రంధ్రం పైపుకి బిగుతుగా ఉంటే రాత్రంతా టిక్కు టిక్కుమంటుంది, కింద అద్దెకున్నవాళ్లకి నిద్ర ఉండదు. ముప్పావు కాపర్ బయటి వ్యాసం 7/8 అంగుళం, అందుకని రంధ్రం అంగుళంపావు వేయించి ప్లాస్టిక్ స్లీవ్ తొడిగించండి.