ట్రైలర్ ఇరుసు వంగింది: కాల్చి సరిచేయించాలా, కొత్తది వేయాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈ దేశానికి వచ్చి ఆరు నెలలైంది. తోటపనికని పాత చిన్న ట్రైలర్ ఒకటి కొన్నాను. నిన్న అంచుల దాకా తడి ఇసుక నింపి తెచ్చాను. ఇప్పుడు వెనక నుంచి చూస్తే రెండు చక్రాలూ పైభాగంలో లోపలికి వాలి ఉన్నాయి. టైర్ల లోపలి అంచులు కొన్ననాటికే అరిగి ఉన్నాయి, అప్పుడు పట్టించుకోలేదు. ఇరుసును గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి సరిచేయవచ్చని పక్కింటాయన అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:
తమ్ముడూ, ఆ మంటను ఇరుసు దగ్గరికి రానివ్వకు. ఎర్రగా కాలిస్తే ఇనుము బలం తగ్గుతుంది. చూడటానికి తిన్నగా వచ్చిన గొట్టం మళ్లీ బరువు పడగానే అక్కడే కుంగుతుంది. లోపల రబ్బరు కడ్డీలుండే టార్షన్ రకమైతే రబ్బరు కూడా కాలిపోతుంది. కాల్చకుండా ప్రెస్సుతో సరిచేసేవాళ్లు ఉన్నారు కానీ, ఇంత చిన్న ఇరుసుకు ఆ కూలీ ఇవ్వడం కంటే కొత్తది కొనడమే చాలాసార్లు లాభం. చక్రం తిరిగే స్పిండిల్ వంగితే మాత్రం ఆలోచించే పని లేదు, మార్చడమే.

టైర్లు ముందే అరిగాయన్నావు కదా, పాత యజమాని కూడా నీలాగే నింపి ఉంటాడు. నీ ఇసుక మిగతా పని పూర్తి చేసింది. అయినా కొలవకుండా కొత్తది కొనకు. బేరింగులు వదులైనా చక్రం వాలినట్టే కనిపిస్తుంది. రెండో చక్రానికి ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, జాకీని ఫ్రేము కింద ఆనించి ఎత్తు. ఇరుసు గొట్టం మధ్యలో జాకీ పెట్టి ఎత్తితే మంచి ఇరుసు కూడా వంగవచ్చు. ఫ్రేముకు స్టాండు ఆనించాక, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడు. కదిలితే ముందు బేరింగుల సంగతి చూడాలి. కదలకపోతే చక్రాన్ని తిప్పు. రిమ్ము ఊగిసలాడితే తప్పు రిమ్ముదో, రిమ్మును బిగించే హబ్‌దో కావచ్చు.

తర్వాత, కారు వెనక ఉండే ఇనుప బంతికి తగిలించే కప్పు నడిమి నుంచి ఎడమ హబ్ దాకా ఒకసారి, కుడి హబ్ దాకా ఒకసారి టేపు పట్టు. తేడా 3 మిల్లీమీటర్లు దాటితే కమాను పట్టీల (ఇరుసు మీద ఫ్రేమును మోసే స్ప్రింగుల) సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగిందేమో చూడు. ఆ బోల్టు తెగినందుకు ఇరుసునే మార్చినవాళ్లను చూశాను.

వంగిందని తేలితే దుకాణానికి ఈ కొలతలు పట్టుకెళ్లు: ఒక హబ్ ముఖం నుంచి రెండో హబ్ ముఖం దాకా దూరం, కమాను పట్టీల నడుమ దూరం, గొట్టం వ్యాసం, మోయగల బరువు, బ్రేకులు ఉన్నాయా లేవా. వంగిన ఇరుసు మీద హబ్‌ల దూరం పైన ఒకలా, కింద ఒకలా వస్తుంది. రెండూ కొలిచి సగటు తీసుకో. పట్టీల దూరాన్ని ఇరుసు మీద కాక ఫ్రేము దగ్గర కొలువు. అయిదు బోల్టుల హబ్ అయితే రంధ్రాలు ఎదురెదురుగా ఉండవు కనుక కొలవడం చిరాకు. పాత హబ్‌నే సంచిలో వేసుకుని వెళ్లు, బేరింగు నంబరు కూడా దానితోనే దొరుకుతుంది.

ఇంకొక మాట. కొత్త ఇరుసు మధ్యలో కొంచెం పైకి ఉబ్బి వస్తుంది. బరువు పడినప్పుడు తిన్నగా కావడానికి అలా చేస్తారు. వంగిన సరుకు అంటగట్టారని నేను దుకాణంలో గొడవపడి నవ్వులపాలయ్యాను. ఆ ఉబ్బు పైకే ఉండాలి, తలకిందులుగా బిగిస్తే కొత్త టైర్లూ లోపలి వైపే అరుగుతాయి.

మరొకరి జవాబు:
పైన చెప్పినవన్నీ సరైనవే. బిగింపు గురించి నేను చెబుతాను. ఇరుసును పట్టీలకు బిగించే పాత యూ బోల్టులు మళ్లీ వాడకండి, ఒకసారి బిగించినవి సాగి ఉంటాయి. హబ్‌ను తిప్పుతూ స్పిండిల్ నట్టు బిగించి, బేరింగు కూర్చున్నాక వదులు చేసి, ఈసారి వేళ్లతో మాత్రమే బిగించండి. ఆ నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ను కొత్తదే వేయండి. చక్రాల నట్లు టార్క్ రెంచితో (బిగువును కొలిచి చూపే రెంచితో) బిగించి, 15, 40, 80 కిలోమీటర్ల దగ్గర ఆగి మళ్లీ చూడండి. మొదటి ప్రయాణంలోనే అవి వదులు కావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలు. ఎలాగూ మారుస్తున్నాను కనుక ఇంకా బలమైన ఇరుసు వేస్తే ఎక్కువ మోయవచ్చా?

జవాబు:
మోయకూడదు తమ్ముడూ. ఫ్రేము, పట్టీలు, టైర్లు, ముందున్న కప్పు అన్నీ పాతవే కదా. ట్రైలర్ ప్లేటు మీది మొత్తం బరువు ఇరుసు మార్చినంత మాత్రాన పెరగదు. ఆ అంకెలో ట్రైలర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. 1 ఘనమీటరు తడి ఇసుక దాదాపు 2 టన్నులు తూగుతుంది. ప్లేటు మీద ఎంత ఉందో చూశావా?

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే మట్టి తుడిచి చూశాను. 750 కిలోలని ఉంది. ఇసుక ఇంకా ట్రైలర్‌లోనే ఉంది.

జవాబు:
ముందు పార తీసుకుని ఇసుక దించు. జాకీ సంగతి ఆ తర్వాత.