మహిళల 4×400 రిలేలో అమెరికాను ఎందుకు ఓడించలేకపోతున్నారు?

ప్రశ్న:
1996 అట్లాంటా మొదలుకొని 2024 పారిస్ వరకు జరిగిన ఎనిమిది ఒలింపిక్స్‌లోనూ మహిళల 4×400 మీటర్ల రిలే స్వర్ణం అమెరికాదే. విచిత్రమేమిటంటే, అదే కాలంలో వ్యక్తిగత 400 మీటర్ల పరుగులో ఆ దేశ మహిళలకు దక్కిన స్వర్ణం ఒక్కటే. అది 2012 లండన్‌లో సాన్యా రిచర్డ్స్-రాస్ గెలిచినది. మిగిలిన ఏడింటిలో మూడు బహామాస్‌కు వెళ్లగా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, బ్రిటన్, డొమినికన్ రిపబ్లిక్ ఒక్కొక్కటి గెలుచుకున్నాయి. విడిగా పరిగెత్తినప్పుడు ఇన్నిసార్లు ఓడిన దేశం నలుగురు కలిసి పరిగెత్తినప్పుడు మాత్రం ఎలా గెలుస్తోంది? పరిగెత్తేవారు ఒకరి నుంచి ఒకరు అందుకునే కర్ర, అంటే బ్యాటన్, మార్పిడిలో వారికి ప్రత్యేకమైన నైపుణ్యం ఏదైనా ఉందా?

మొదటి సమాధానం:
బహామాస్ ఉదాహరణ మీరే ఇచ్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. చిన్న దేశంలో కూడా ప్రపంచాన్ని గెలిచే ఒక అమ్మాయి పుట్టవచ్చు, కానీ ఆమె పక్కన నిలబడగల మరో ముగ్గురు అదే తరంలో దొరకడం చాలా అరుదు. రిలేలో నలుగురి సమయాలూ కలిపి లెక్కిస్తారు కనుక, ఫలితాన్ని చాలాసార్లు నిర్ణయించేది జట్టులోని నాలుగో ఉత్తమ క్రీడాకారిణి వేగమే.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ జట్టును చూడండి. సిడ్నీ మెక్‌లాఫ్లిన్, దలీలా మహమ్మద్ 400 మీటర్ల హర్డిల్స్‌లో మొదటి రెండు స్థానాలు పొందినవారు. అథింగ్ మూ 800 మీటర్ల విజేత. ఆ నలుగురిలో వ్యక్తిగత 400 మీటర్ల పతకం ఉన్నది కాంస్యం గెలిచిన అలిసన్ ఫెలిక్స్‌కు మాత్రమే. పారిస్‌లో 200 మీటర్ల విజేత గ్యాబీ థామస్‌ను మూడో అంచెలో, అంటే నలుగురిలో మూడో వ్యక్తిగా, పరిగెత్తించారు. అంటే అమెరికా తన రిలే జట్టును 400 మీటర్ల వారితోనే నింపుకోవలసిన అవసరం లేదు, చుట్టుపక్కల పోటీలన్నింటి నుంచీ ఏరుకోగలదు. పైగా ప్రాథమిక పోటీలో ఒక జట్టును, ఫైనల్‌లో మరో జట్టును దింపే వెసులుబాటు కూడా వారికి ఉంది. పారిస్‌లో రెండుసార్లూ పరిగెత్తింది షామియర్ లిటిల్ ఒక్కరే, మిగిలిన ముగ్గురూ రిలే ప్రాథమిక పోటీలో పరిగెత్తకుండానే ఫైనల్‌కు వచ్చారు. అక్కడ రెండో స్థానంలో నిలిచిన నెదర్లాండ్స్‌కూ వారికీ మధ్య తేడా నాలుగు సెకన్లు దాటింది. ఈ స్థాయిలో అది నమ్మశక్యం కాని దూరం.

రెండో సమాధానం:
పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను, అయితే ఇంతమంది ఎక్కడి నుంచి వస్తున్నారన్నది కూడా చెప్పుకోవాలి. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో స్త్రీపురుష వివక్ష చూపరాదని 1972లో అమెరికా టైటిల్ నైన్ అనే చట్టం చేసింది. ఆ తర్వాత విశ్వవిద్యాలయాలు అమ్మాయిలకు కూడా క్రీడా ఉపకార వేతనాలు, కోచ్‌లు, పోటీలు సమకూర్చవలసి వచ్చింది. అక్కడి కళాశాలల అథ్లెటిక్స్ పోటీల్లో 4×400 రిలే సాధారణంగా చివరి అంశంగా ఉంటుంది. మొత్తం పోటీ విజేత కొన్నిసార్లు ఆ ఒక్క పరుగుతో తేలుతుంది కాబట్టి, హర్డిల్స్ అమ్మాయి అయినా, 800 మీటర్ల అమ్మాయి అయినా, అలసిపోయి ఉన్నా సరే, బ్యాటన్ పట్టుకుని దిగవలసిందే. జాతీయ జట్టులోకి వచ్చేనాటికి వారిలో చాలామందికి రిలే ఏళ్ల తరబడి అలవాటైపోయి ఉంటుంది. నా దృష్టిలో అసలైన బలం ఇదే.

మూడో సమాధానం:
ఈ ఆధిపత్యం ఎప్పటి నుంచో ఉన్నది కాదు. 1972లో ఈ పోటీని ఒలింపిక్స్‌లో ప్రవేశపెట్టినప్పుడు గెలిచింది తూర్పు జర్మనీ. 1988లో సోవియట్ జట్టు నెలకొల్పిన 3:15.17 ప్రపంచ రికార్డును పారిస్‌లో 3:15.27తో పరిగెత్తిన అమెరికా కూడా అందుకోలేకపోయింది. ప్రభుత్వమే నడిపించిన ఆ రెండు క్రీడా వ్యవస్థలూ కూలిపోయాక అంత పెద్ద ప్రత్యర్థి మళ్లీ రాలేదు. అమెరికా చరిత్రలోనూ మచ్చ ఉంది. సిడ్నీ 2000 జట్టులోని మారియన్ జోన్స్ ఉత్ప్రేరకాల వాడకాన్ని ఒప్పుకుని పతకం కోల్పోగా, మిగిలిన సభ్యులు 2010లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం తీర్పుతో తమ పతకాలు నిలుపుకున్నారు.

నాలుగో సమాధానం:
బ్యాటన్ విషయం ఎవరూ ప్రస్తావించలేదు కనుక చెబుతున్నాను. 4×100లో అందుకునే అమ్మాయి వెనక్కి చూడదు, పూర్తి వేగంతో పరిగెడుతూ చేయి మాత్రమే చాపుతుంది. అక్కడ మార్పిడే ప్రాణం, అందుకే 2004లోనూ 2008లోనూ అమెరికా అమ్మాయిలు మార్పిడి దగ్గరే పోటీని పోగొట్టుకున్నారు. 4×400లో వచ్చే అమ్మాయి కాళ్లు బరువెక్కి తూలుతుంటాయి కాబట్టి, అందుకునే అమ్మాయి వెనక్కి తిరిగి చూస్తూ దాదాపు ఆమె చేతిలో నుంచి బ్యాటన్ లాక్కుంటుంది. మూడో, నాలుగో అంచెల వారు నిలబడే వరుస, వచ్చేవారు 200 మీటర్ల దగ్గర ఉన్న స్థానాలను బట్టి ఉంటుంది. ముందున్న జట్టుకు లోపలి వైపు స్థానం, తోపులాట లేని మార్పిడి దక్కుతాయి. వెనకబడినవారు మాత్రం గుంపులోంచి దారి వెతుక్కోవాలి. మొదటి రెండు అంచెల్లోనే ముందుకు వెళ్లగలిగే జట్టుకు ఇది మరో లాభం.

అయినా వారు తప్పు చేయరని కాదు. 2023 బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ప్రాథమిక పోటీలో బ్యాటన్ నిర్ణీత గడి బయట చేతులు మారడంతో అమెరికా అనర్హతకు గురైంది. ఆ ఫైనల్‌లో ఫెమ్కె బోల్ చివరి అడుగుల్లో జమైకాను దాటి నెదర్లాండ్స్‌కు స్వర్ణం తెచ్చిన తీరును మీరు తప్పకుండా ఒకసారి చూడండి.