పట్టణ సమస్యల మీద పని చేయడమే పూర్తికాలపు పని చేసుకోవాలంటే: సంస్థ, జీతం, కాగితాలు

అడిగినవారు: కాలవగట్టు
మా పట్టణంలో మురుగు కాలవలు, మంచినీళ్లు, చెత్త మీద పని చేసే చిన్న బృందం ఉంది. ముందుండి నడిపించే అమ్మాయి ఉద్యోగం మానేసి పూర్తిగా దీంట్లోకే రావాలనుకుంటోంది. సొసైటీ పెట్టాలా, ట్రస్టా? పెట్టినవాళ్లే జీతం తీసుకోవచ్చా? ముందుముందు వార్డుకు పోటీ చేస్తే సంస్థ సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల పుస్తకం
ట్రస్టంటే డీడ్ రాసి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తారు, ట్రస్టీల మాటే చెల్లుతుంది. సొసైటీకి కనీసం 7 మంది కావాలి. రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల చట్టమే నడుస్తోంది. జనం తరఫున అడిగే బృందానికి సొసైటీయే నయం, కమిటీని సభ్యులే ఎన్నుకుంటారు కాబట్టి.

అయితే సొసైటీలు కూలేది కూడా అక్కడే. నాలుగేళ్లకు రెండు వర్గాలు తయారై, ఎవరి కమిటీ జాబితా వాళ్లు రిజిస్ట్రార్‌కు ఇస్తారు. బ్యాంకు ఖాతా ఆపేస్తుంది. సెక్షన్ 23 కింద జిల్లా కోర్టు మెట్లెక్కాలి. చాలావరకు దీనికి మూలం సభ్యత్వ రిజిస్టరు సరిగా రాయకపోవడమే. బైండు పుస్తకం తీసుకుని పేజీలకు నంబర్లు వేయండి. చేరిన తేదీ, చందా రసీదు నంబరు, సభ్యుడి సంతకం ఒకే వరుసలో ఉండాలి. ఏటా సర్వసభ్య సమావేశమైన 15 రోజుల్లో కమిటీ జాబితా దాఖలు చేయాలి. ఇది రెండేళ్లు మానేస్తే మూడో ఏడు మీ కమిటీయే అసలు కమిటీ అని నిరూపించుకోలేరు.

పన్ను సంగతి. 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను తగ్గింపు) అని అందరూ పిలిచే రిజిస్ట్రేషన్లు మొదట మూడేళ్లకు తాత్కాలికంగా ఇస్తారు. పని మొదలెట్టిన ఆరు నెలల్లోగానీ, గడువు తీరడానికి ఆరు నెలల ముందుగానీ, ఏది ముందొస్తే ఆ లోపు రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టాలి. మరిచిపోతే ఆ ఏటి ఆదాయంతో పోదు, కూడబెట్టిన ఆస్తుల నికర విలువ మీద కూడా పన్ను పడుతుంది. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి 80జీ రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్న దాతలకు అసలే రాదు. చందా అడిగేటప్పుడే ఈ మాట చెప్పేయండి, తర్వాత మాట పడనక్కర్లేదు.

జీతం తీసుకోవచ్చు. చేసే పనికి తగినదై ఉండాలి, మించితే పన్ను మినహాయింపుకే ముప్పు. తీర్మానం రాసేటప్పుడు జీతం తీసుకునే మనిషి సమావేశం నుంచి బయటికి వెళ్లినట్టు మినిట్స్‌లో ఉండాలి. పని, గంటలు రాసిన నియామక పత్రం ఇవ్వాలి, చెల్లింపు బ్యాంకు ద్వారానే జరగాలి. “ఖర్చుల కింద” అంటూ నెలనెలా గుండుగుత్తగా నగదు తీసుకుంటే ఆడిట్‌లో మొదట పట్టుకునేది దాన్నే.

పాత కార్యకర్త
పై మాటకు ఒకటి కలుపుతాను. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బుకు మూడేళ్ల పని రికార్డు అడుగుతారు. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. వచ్చాక పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంటే మొదటి మూడేళ్లూ స్థానిక చందాలే దిక్కు. అందుకే ఆ అమ్మాయిని ఇప్పుడే ఉద్యోగం మానొద్దని చెప్పండి. శాంతా సిన్హా గారినే చూడండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా ఉంటూనే ఎం.వి. ఫౌండేషన్ పని నడిపారు. సంస్థ పుట్టింది 1981లో, రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాల కార్మికుల పని మొదలైంది 1991 ప్రాంతంలో. మెగసెసే 2003లో వచ్చింది, జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్ష పదవి 2007లో. పనికి పంపిన పిల్లలను బడికి సిద్ధం చేసే బ్రిడ్జి క్యాంపులో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో ప్రభుత్వ బడిలోనే చేర్చారు. పోటీగా సొంత బడులు పెట్టుకోలేదు, సర్కారు టీచర్లనే వేదికగా కూడగట్టారు. పట్టణంలోనూ అంతే. చెత్త మీరే ఎత్తడం మొదలెడితే మునిసిపాలిటీ చేతులు దులుపుకుంటుంది.

పోటీ సంగతికి వస్తే, నామినేషన్‌కు ముందే కమిటీకీ, చెక్కు సంతకానికీ రాజీనామా చేయాలి. సంస్థ డబ్బు ఎన్నికల్లో ఒక్క రూపాయి కూడా ముట్టకూడదు. జయప్రకాశ్ నారాయణ్ గారు 1996లో ఉద్యమంగా మొదలెట్టిన లోక్‌సత్తా 2006లో పార్టీ అయింది, 2009లో ఆయన కూకట్‌పల్లి నుంచి గెలిచారు. ఆయన పెట్టిన ప్రజాస్వామ్య సంస్కరణల ఫౌండేషన్ మాత్రం పార్టీలో కలవకుండా విడిగానే సాగింది. ఆ గీత మొదటి రోజు నుంచే ఉండాలి.

ఎం-బుక్
కాలవల మీద పని అంటున్నారు కాబట్టి సమాచార హక్కు గురించి. దరఖాస్తు సంస్థ పేరుతో వద్దు. హక్కు పౌరుడిది, వ్యక్తిగా సంతకం పెట్టండి. రెండు రాష్ట్రాల్లోనూ ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండలంలో 5, ఆపైన 10 రూపాయలు. “కాలవ ఎందుకు పొంగుతోంది?” అని అడిగితే జవాబు రాదు, రికార్డు అడగాలి. ఎస్టిమేటు, వర్క్ ఆర్డరు, కొలతల పుస్తకం, బిల్లు, నాణ్యత పరీక్ష నివేదిక, ఒక్క పనికి ఈ ఐదూ చాలు. కొలతల పుస్తకంలో పొడవు, వెడల్పు, లోతు విడివిడిగా ఉంటాయి. టేపు పట్టుకెళ్లి ముందు లోతు చూడండి, పూడిక పడితే కనపడనిది అదే. పూడిక తీయించి కొలవకపోతే మీ లెక్కే తప్పవుతుంది.

30 రోజుల్లో రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రెండోది. గడువు దాటాక ఇచ్చే కాగితాలకు డబ్బు కట్టనక్కర్లేదు. సెక్షన్ 18 ఫిర్యాదుతో అధికారికి జరిమానా పడొచ్చుగానీ కాగితం రాదు. కాగితం కావాలంటే 19 కింద అప్పీలే.

కాలవగట్టు
చాలా థాంక్సండీ. కొలతల పుస్తకం అడిగితే “కాంట్రాక్టరు వాణిజ్య రహస్యం” అంటున్నారే?

ఎం-బుక్
అది ఇంజనీరు రాసిన ప్రభుత్వ రికార్డు, కాంట్రాక్టరు ఇచ్చిన రహస్యం కాదు. అప్పీల్లో ఈ మాటే రాయండి. ఒకవేళ కొంత భాగం ఇవ్వకూడదన్నా, సెక్షన్ 10 ప్రకారం అది తీసేసి మిగతాది ఇవ్వాల్సిందే. కాంట్రాక్టరును అడగాలంటే దరఖాస్తు అందిన ఐదు రోజుల్లో నోటీసివ్వాలి, అతనికి 10 రోజుల గడువుంటుంది. ఆ నోటీసు నకలు కూడా అడగండి.