అమ్మకి హెపటైటిస్ సి అంటున్నారు, ఇన్నేళ్లూ ఏ బాధా లేదే?

కృష్ణాతీరం:
అమ్మకి 61. శుక్లాల ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షల్లో హెచ్‌సీవీ (లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్) పాజిటివ్ వచ్చింది. 1988లో నేను పుట్టాక రెండు సీసాల రక్తం ఎక్కించారట. ఆ తర్వాత కామెర్లు కూడా రాలేదు. లివర్ పరీక్ష ఎస్‌జీపీటీ 38, నార్మలే. రిపోర్టు తప్పేమోనండీ? చాలా టెన్షన్‌గా ఉంది.

మామిడితోట:
తప్పని వదిలేయకండి. ఈ వైరస్‌ను గుర్తించిందే 1989లో. అమ్మగారికి ఎక్కించిన రక్తాన్ని పరీక్షించే వీలే అప్పట్లో లేదు. కాకపోతే ఈ పరీక్ష చూసేది యాంటీబాడీని, అది పాజిటివ్ అంటే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. నూటికి సుమారు 30 మందిలో ఆరు నెలల్లోపు దానంతటదే పోతుంది. ఇంకా ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో తేలుతుంది.

వేపచెట్టు:
ఎస్‌జీపీటీ నార్మల్ అని మేమూ ధైర్యంగా ఉన్నామండీ. లోపల లివర్ గట్టిపడుతున్నా అది ఏళ్ల తరబడి మామూలుగానే ఉండొచ్చట. నాన్నగారికి ప్లేట్‌లెట్లు 90 వేలకు పడిపోతే డెంగ్యూ అనుకున్నాం. ప్యాంట్లు నడుం దగ్గర పట్టక రెండుసార్లు టైలర్ చేత వదులు చేయించారు. ఒళ్లు చేశారనుకున్నాం. చేతులు చూస్తే పుల్లల్లా ఉన్నాయి. పొట్టలో చేరింది నీరు. అప్పటికే సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోయింది. వైరస్ ఒంట్లో ఉండిపోయినవాళ్లలో నూటికి 15 నుంచి 30 మందికి 20 ఏళ్లలో ఆ స్థితి వస్తుందట. తాగుడు ఉంటే ఇంకా తొందరగా. నాన్నగారికి ఉండేది. దయచేసి ఫైబ్రోస్కాన్ చేయించండి. సూది గుచ్చరు, పక్కటెముకల మధ్య ప్రోబ్ ఆనించి లివర్ ఎంత గట్టిపడిందో కాసేపట్లో చెప్పేస్తారు.

ఉదయరాగం:
నాకు 2019లో తగ్గిపోయింది. సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ మాత్రలు, రోజుకి ఒక్కోటి, 12 వారాలు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. అది కూడా ఉంటే, సి తగ్గేటప్పుడు బి తిరగబెట్టొచ్చు. ఇంకోటి, తగ్గినా యాంటీబాడీ పాజిటివ్‌గానే చూపిస్తుంది. ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు జాగ్రత్తగా దాచండి.

కృష్ణాతీరం (మూడు వారాల తర్వాత):
ఆర్‌ఎన్‌ఏ పాజిటివ్. ఫైబ్రోస్కాన్‌లో 14.2, సిర్రోసిస్ మొదలైందన్నారు. అదృష్టం, నీరు చేరలేదు. 24 వారాలు మందులు రాశారు. వైరస్ పోయినా లివర్ క్యాన్సర్ భయం పూర్తిగా పోదట, ఆరు నెలలకోసారి స్కానింగ్ మానొద్దన్నారు. ఇదంతా విని అమ్మ అడిగింది ఒక్కటే, "మీకూ అంటించానా?" అని. నాకూ తమ్ముడికీ నెగెటివ్ వచ్చిన కాగితాలు చేతికిచ్చాకే మొదటి మాత్ర వేసుకుంది.