కొంగల కోసం ఎంత ఇస్తారంటే అందరూ సున్నా అన్నారు. ఈ అనుబంధాన్ని ఎలా కొలవాలి?

సిరి_అనంత
నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వీరాపురంలో సర్వే చేస్తున్నా. చిలమత్తూరు మండలం, కర్ణాటక సరిహద్దు దగ్గర. ఏటా పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి.

మా గైడ్ ఇచ్చిన వాటిలో అసలు ప్రశ్న ఇది: "ఈ పక్షుల సంరక్షణకు మీ కుటుంబం ఏడాదికి ఎంత చెల్లిస్తుంది?" కింద సున్నా నుంచి ఐదొందల దాకా గడులు. దాదాపు అందరూ సున్నాకే టిక్కు పెట్టమన్నారు. ఒక అవ్వకైతే కోపం వచ్చింది. "ఏమ్మా, కాన్పుకొచ్చిన బిడ్డ తినే కూటికి లెక్క రాసుకుంటామా?" అనింది. ఆమె ఇంటి ముందరే చింతచెట్టు ఉంది. కొంగలున్నన్నాళ్లూ దాన్నెక్కి కాయ దులపరు. చింతపండు అమ్మేవాళ్లకు తెలుసు అదెంత డబ్బో. నా కాగితంలో మాత్రం ఆమె జవాబు సున్నా.

సరే అని డబ్బు మాట తీసేసి, "పక్షులంటే మీకెంత ఇష్టం" అని ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు అడిగా. అందరూ ఐదే వేశారు. దాంతోనూ ఏమీ తేలలేదు. గైడేమో ఆ సున్నాలనే ఎక్సెల్‌లో ఎక్కించి సగటు తీయమంటున్నారు. రేపు ఎవరైనా ఆ రిపోర్టు చదివి, ఈ ఊరివాళ్లకు కొంగలు పట్టవని అనుకుంటే? నాకది చాలా అన్యాయంగా అనిపిస్తోంది. ఈ పని తెలిసినవాళ్లు దారి చెప్పండి.

లెక్కల_మాస్టారు
అమ్మా, ఆ సున్నాల్ని సగటులో కలపొద్దు. "నాకు అక్కర్లేదు" అనే సున్నా వేరు, "ఈ ప్రశ్నే తప్పు" అనే సున్నా వేరు. రెండోదాన్ని నిరసన జవాబుగా విడిగా లెక్కించడం ఈ రంగంలో మామూలే. ప్రతి సున్నా పక్కన "ఎందుకు?" అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు, అలాంటి ప్రమాదం మళ్లీ జరగకుండా డబ్బు ఇస్తారా అని అమెరికా ప్రజల్ని అడిగి, నష్టం 280 కోట్ల డాలర్లని లెక్క తేల్చారు. ఆ పద్ధతి మీద పెద్ద గొడవ జరిగింది. 1993లో నోబెల్ పొందిన ఆర్థికవేత్తలు కెనెత్ ఆరో, రాబర్ట్ సోలో నాయకత్వంలోని నిపుణుల బృందం, ఎంత ఇస్తారని అడగొద్దు, ఒక మొత్తం చెప్పి ఓటులాగా అవునా కాదా అని అడగండి, కారణం కూడా అడగండి అని సూచించింది. మీ గైడ్‌కు ఇది చూపించండి, కాదనరు.

నాగావళి_ఒడ్డు
మాస్టారు గారూ, ఓటు పద్ధతైనా రూపాయి దగ్గరే ఆగుతోంది కదండీ. మాది పార్వతీపురం. మాకు దగ్గర్లోనే, ఒడిశాలో నియమగిరి కొండ ఉంది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలకు వదిలింది. ఆ కొండ అక్కడి గిరిజనులైన డోంగ్రియా కోంధులకు వాళ్ల దేవుడు నియమరాజు ఉండే చోటు. 12 గ్రామసభలు పెడితే 12 కూడా వద్దన్నాయి. అక్కడ ఎవరినీ కొండ ఖరీదెంతని అడగలేదు. మీరు కూడా మనుషుల్ని ఒక్కొక్కరిగా కాక, రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి అడిగి చూడండి. ఒకరి మాటకు ఇంకొకరు అడ్డుపడినప్పుడే అసలు సంగతులు బయటపడతాయి.

పిట్టల_దారి
2022లో ఐపీబీఈఎస్, అంటే జీవవైవిధ్యం మీద దేశాలు కలిసి పెట్టుకున్న శాస్త్రవేత్తల వేదిక, ప్రకృతి విలువల మీద పెద్ద నివేదిక ఇచ్చింది. కొలిచే పద్ధతులు యాభైకి పైగా ఉన్నాయని అందులోనే ఉంది. ప్రకృతి మనకిచ్చేది, మనతో పనిలేకుండా దానికంటూ ఉన్న విలువ, మనకూ దానికీ ఉన్న బంధం, ఈ మూడింటినీ విడివిడిగా చూడాలంటుంది. మీ అవ్వ చెప్పింది మూడోది.

నా సలహా, ఇష్టాన్ని అడగొద్దు, చేసే పనుల్ని అడగండి. గూడులోంచి పిల్ల జారిపడితే ఎవరు ఎత్తుకుంటారు? చెట్టు అమ్మాల్సి వస్తే ఎవరినైనా అడుగుతారా? కొంగలు రాని ఏడు ఊళ్లో ఏమనుకుంటారు? కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులోనూ ఇలాగే ఊళ్లోనే గూళ్లు. అక్కడ చింతకాయ నష్టానికి అటవీశాఖ పరిహారం ఇస్తోంది, రెట్టను జనం ఎరువుగా వాడతారు. అంటే డబ్బూ బంధమూ ఒకే ఇంట్లో ఉండొచ్చు. ఒకటుంటే రెండోది ఉండదని ముందే అనుకోకండి.

సిరి_అనంత
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న మళ్లీ వెళ్లి ఎందుకు అని అడిగా. చాలామంది "అది మా పని, దానికి డబ్బేంది" అన్నారు. ఒకాయన మాత్రం వాసన భరించలేకున్నాం, మిద్దె మీద వడియాలు ఎండబెట్టుకోలేమని గట్టిగానే చెప్పాడు. చెట్టు మాత్రం కొట్టడట. నా ఐదు మార్కుల కాగితంలో ఈయనకు చోటే లేదు. అందుకే ఇబ్బందుల మీద కూడా ప్రశ్నలు చేరుస్తున్నా.

ఆదివారం రచ్చబండ దగ్గర కూర్చుంటాం. ఆడవాళ్లు అక్కడ నోరు విప్పరేమోనని వాళ్లతో విడిగా మాట్లాడదామనుకుంటున్నా. పనుల గురించి తెలుగులో తయారుచేసిన ప్రశ్నలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి. గైడ్‌కు సోమవారం చూపించాలి.