పాత ఇంట్లో నేల కింద వెచ్చదనానికి నీటి గొట్టాలా, కరెంటు మ్యాట్‌లా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మేము కొన్న పాత ఇంటికి మరమ్మతులు చేయిస్తున్నాం. వంటగది, హాలు కలిపి 30 చదరపు మీటర్లు, స్నానాల గది 4. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మ చల్లటి టైల్స్ మీద కాలు మోపలేక రెండు జతల సాక్సులు వేసుకుని తిరుగుతోంది. ఏ పద్ధతి పెట్టించమంటారు?

జవాబు: స్నానాల గదికి కరెంటు మ్యాట్ (టైల్స్ కింద పరిచే, వేడెక్కే తీగల చాప) చాలండి, దాని మందం మూడు, నాలుగు మిల్లీమీటర్లే కనుక నేల ఎత్తు పెద్దగా పెరగదు. పెద్ద గదికి మాత్రం అది వద్దు, నీటి గొట్టాలే మేలు, ఎందుకంటే మ్యాట్‌కు చదరపు మీటరుకు 150 వాట్ల చొప్పున నాలుగున్నర కిలోవాట్లవుతుంది, పైగా ఇక్కడ కరెంటు యూనిట్ ధర, గొట్టాల్లోని నీటిని వేడిచేసే గ్యాస్ కంటే చాలా ఎక్కువ. నీటి గొట్టాలకు 35 నుంచి 45 డిగ్రీల నీరు సరిపోతుంది కాబట్టి రేపు హీట్ పంపు (బయటి గాలిలోనో నేలలోనో ఉన్న వేడితో నీటిని కాచే కరెంటు యంత్రం) పెట్టుకున్నా అవి పనికొస్తాయి.

మరొక జవాబు: నాదీ అదే మాట, అయితే ముందు అడుగున ఇన్సులేషన్ (వేడి కిందికి పోకుండా ఆపే పొర) వేయించండి. మా మేస్త్రీ దాన్ని వదిలేస్తే వేడి సగం మట్టిలోకే పోయి, చివరికి టైల్స్ పగలగొట్టి మళ్లీ వేయించాల్సి వచ్చింది. స్క్రీడ్ (గొట్టాల మీద పోసే సిమెంటు పొర) పోసేముందు ఎక్కడా కారడం లేదని తేల్చే ప్రెజర్ పరీక్షను గొట్టాలకు దగ్గరుండి చేయించండి.

అడిగినవారు: కృతజ్ఞతలండీ. హాల్లో చెక్క ఫ్లోరింగ్ వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు, కానీ చెక్క ఉపరితలం 27 డిగ్రీలు దాటకుండా సెన్సార్ పెట్టించండి.